పంటి పురుగు బొమ్మ లేకుండా పిల్లలకి పుచ్చు గురించి ఎలా చెప్పాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మూడు, నాలుగు తరగతుల పిల్లలకి పళ్ళ గురించి ఒక క్లాసు చెప్పాలి. 35 మంది, 40 నిమిషాలు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. స్కూల్లో ఉన్న చార్టులో పన్నుకి కన్నం, ఆ కన్నంలో కళ్ళూ కోరలూ ఉన్న పచ్చ పురుగు, దాని చేతిలో గునపం. చార్టు తియ్యగానే వచ్చే మొదటి ప్రశ్న "పురుగు బయటికెప్పుడొస్తుంది?" రెండోది "నాకు కన్నం లేదుగా, నేనెందుకు తోముకోవాలి?" పురుగుని తీసేస్తే దాని జాగాలో ఏం పెట్టాలి? ఖర్చు వంద రూపాయలు దాటకూడదు, ప్రొజెక్టర్ లేదు. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అనే పెద్దలకి ఏం చెప్పాలో కూడా రాయండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఉండనీండి ఆ పురుగుని. భయముంటేనే గుంటలు బ్రష్ ముట్టుకుంటారు. ఎనిమిదేళ్ళోడికి కెమిస్ట్రీ ఎందుకండీ?

పట్టకారు (బరంపురం)
@నాగావళి ఒడ్డు, రోగం ఎక్కడ మొదలవుతుందో ఆ బొమ్మ దాచేస్తుంది. అదీ చిక్కు. పుచ్చు మొదట్లో నల్లగా ఉండదు, కన్నమూ ఉండదు. చిగురు అంచు వెంబడి సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి మచ్చ వస్తుంది. పన్ను తడిగా ఉంటే తెలీదు. దూదితో తుడిచి వెలుగులో చూస్తే అక్కడ మెరుపు పోయి ఉంటుంది. ఆ దశలో పట్టుకుంటే లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్, పేస్టులో ఉండే ఫ్లోరైడ్ కలిసి దాన్ని మళ్ళీ గట్టిపరుస్తాయి. కన్నం పడ్డాక అది పూడుకోదు. నల్ల కన్నంలో పురుగు కోసం వెతికే పిల్లకి తెల్ల మచ్చ కంటికానదు.

రెండో నష్టం సంతలో జరుగుతుంది. పంటి పురుగు తీస్తామని వాకుడు గింజల్లాంటివి నిప్పుల మీద వేసి నోటికి పొగ పట్టిస్తారు. వేడికి గింజ చిట్లి లోపలి తెల్లటి మొలక వంకరగా బయటికొస్తుంది. నీళ్ళ గిన్నెలో తేలేది అదే. "ఇదిగో మీ పురుగు" అంటారు. నొప్పి కాసేపు తగ్గితే ఇంటిల్లిపాదీ నమ్ముతారు, ఈలోగా పుచ్చు నరం దాకా దిగుతుంది.

ప్రాణహిత (సిరొంచ)
మా దిక్కు మరాఠీల "దాతాలా కీడ్ లాగ్లీ" అంటరు. కీడ్ అంటే పురుగే. ఒడియాల పోక, తెలుగుల పురుగు. మూడు రాష్ట్రాలల్ల ఒక్కటే పురుగు, చెక్‌పోస్టుల ఎవలు ఆపుతలేరు.

చల్ది కుండ (గుణుపురం)
తంటా అంతా మన మాటలోనే ఉన్నాది. పుచ్చు వంకాయ కోస్తే పురుగుంటాది. మరి పుచ్చు పంట్లో ఎందుకుండదని గుంటలు అడిగితే తప్పేటి?

మనకింకో మాటుంది కదా, పిప్పి పన్ను. అది వాడండి. చెరకు నమిలి రసం మింగేక మిగిలేది పిప్పి. పంట్లో గట్టి సరుకు కరిగిపోయేక మిగిలేది పిప్పి పన్ను. చెరకుని ఎవరూ తొలవలేదు, రసం పోయిందంతే. మూడో తరగతి గుంటకి ఇది చటుక్కున ఎక్కుద్ది.

నాగావళి ఒడ్డు (రాయగడ)
పళ్ళ క్లాసులో చెరకు పంచమంటారా ఏటి, బాగుంది.

పట్టకారు (బరంపురం)
నవ్వులాటకి అన్నా చల్ది కుండ చెప్పింది అక్షరాలా నిజం. ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌లో ఖనిజం కరిగాక కొల్లాజెన్ అనే పీచు మిగులుతుంది. అందుకే పుచ్చు లోపలి సరుకు తోలు చెక్కులా మెత్తగా లేస్తుంది. పిప్పే అది. పై పొర ఎనామెల్‌లో పీచు దాదాపు ఉండదు కాబట్టి అది సుద్దలా పొడిపొడి అవుతుంది.

మర్రిచెట్టు బడి (జయపురం)
సరే, కరిగించేదెవరు? నా ఓటు కోడిగుడ్డు ప్రయోగానికి. గాజు గ్లాసులో తెల్ల వెనిగర్, గుడ్డు మునిగేదాకా. వెంటనే బుడగలు లేస్తాయి, 24 గంటలకి పెంకు పోయి పొర మాత్రం మిగులుతుంది. ఇంకో గుడ్డుకి సగం పేస్టు రాసి ముంచితే పేస్టున్న సగం గట్టిగా ఉంటుంది. పిల్లలు నోరెళ్ళబెడతారు.

పట్టకారు (బరంపురం)
మొదటి సగం పనికొస్తుంది, రెండో సగం వద్దు. గుడ్డు మీద మందంగా పూసిన పేస్టు వెనిగర్‌కి అడ్డంగా నిలబడుతుందంతే, అది ఫ్లోరైడ్ మహిమ కాదు. పేస్టు అంటే పూత అని పిల్లలకి పడిపోతుంది, బ్రష్ నిండా పిండుతారు.

ఇంకోటి, పెంకు కాల్షియం కార్బొనేట్, అందుకే బుడగలు. పన్ను కాల్షియం ఫాస్ఫేట్, బుడగలు రావు. "నా పంట్లో బుడగలేవీ?" అని అడిగేవాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. అసలు లోటు వేరే ఉంది. ఇది చూసిన పిల్లలు చింతపండే దోషి అనుకుని ఇంటికెళ్తారు. చాక్లెట్ పుల్లగా ఉండదు కదా. తీపి పులుపుగా ఎలా మారిందన్నది గుడ్డు చెప్పదు.

చల్ది కుండ (గుణుపురం)
అది తరవాణి చెప్తాది. ఒడియా వాళ్ళు తొరాణి అంటారు, మనం తరవాణి అంటాం, కుండ ఒకటే. ముందు రోజు సాయంత్రం గుప్పెడు అన్నం గ్లాసుడు నీళ్ళల్లో వేసి మూత పెట్టండి. ఎండాకాలమైతే రాత్రికి రాత్రే పులుస్తాది, శీతాకాలంలో రెండు రాత్రులు ఉంచాలి. పొద్దున్న ఇంకో గ్లాసులో అప్పుడే వండిన అన్నం, నీళ్ళు కలిపి పక్కన పెట్టండి. అన్నం అదే, నీళ్ళు అవే. ఒకటి పులిసింది, ఒకటి పులవలేదు. రాత్రంతా అందులో ఎవరో తిన్నారు, తిని పులుపు వదిలేరు. పఖాళ, అదే చద్దన్నం, తినే ఇంటి గుంటకి ఇది కొత్తగా చెప్పాలా?

రంగు కూడా చూపించొచ్చు. ఎర్ర మందార పువ్వులు నాలుగు, రేకలు తుంపి అర గ్లాసు వేడి నీళ్ళల్లో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. రెండేసి చెంచాలు ఆ రెండు గ్లాసుల్లోనూ పొయ్యండి. పులిసిన గ్లాసు గులాబీ రంగుకి తిరుగుద్ది.

వంశధార గట్టు
మందార ఎందుకు, పసుపు నీళ్ళు చాలవా?

మర్రిచెట్టు బడి (జయపురం)
చాలవు. పసుపు సున్నానికీ సబ్బుకీ ఎర్రబడుతుంది. పులుపులో పసుపు పసుపుగానే ఉంటుంది, క్లాసు ముందు తెల్లమొహం వెయ్యాలి. @చల్ది కుండ, నా గుడ్డు ఓడిపోయిందని ఒప్పుకోను. మొదట తరవాణి, తరవాత గుడ్డు. పులుపు ఎలా పుట్టింది, పులుపు ఏం చేసింది. రెండూ కావాలి.

పట్టకారు (బరంపురం)
అలా జతచేస్తే పూర్తవుతుంది. ఒక తేడా మాత్రం చెప్పండి. కుండలో రాత్రంతా పడితే నోట్లో నిమిషాలే. పళ్ళ మీద పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటి సూక్ష్మజీవులు ముందే కోట కట్టుకుని ఉంటాయి. చక్కెర తగిలిన అయిదు పది నిమిషాల్లో అక్కడ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కిందికి దిగుతుంది, అక్కడి నుంచి ఎనామెల్ కరగడం మొదలు. లాలాజలం దాన్ని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అంచేత ఎంత తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే పంటిని తినేస్తుంది.

పెన్‌గంగ (కిన్వట్)
గీ ఎన్నిసార్లు అన్న ముచ్చట పిల్లలకు లెక్కతోటి చూపియ్యాలె. పొద్దుగాల 6 నుంచి రాత్రి 10 దాక 16 గంటలు. పొడుగు కాయితం పట్టీ మీద అర్ధ గంటకో గడి, 32 గళ్లు. తీపి నోట్లె పడ్డప్పుడల్ల ఒక గడి ఎర్రగ.

7కు చాయ్ బిస్కట్, ఒకటి. పదిన్నరకు చాక్లెట్, ఒకటి. బడిల పప్పన్నం తింటే గడి ఖాళీ ఇడువుండ్రి. 4కు కూల్‌డ్రింక్ సీసా, గంటసేపు గుటకలు గుటకలు తాగితే మూడు. 6కు చక్కెర పాలు, ఒకటి. ఏడున్నరకు జీడి మిఠాయి పండ్లకు అతుక్కుంటే రెండు. 9:30కు మల్ల చక్కెర పాలు తాగి పన్నడు, ఆఖరి గడి ఎర్ర. మొత్తం తొమ్మిది గళ్లు, అంటే నాలుగున్నర గంటలు.

గిప్పుడు ఇంకో పట్టీ తీసుకొని గదే సరుకంతా పగటి అన్నం తోటే తినిపియ్యుండ్రి. రెండు మూడు గళ్లకంటె దాటది. చక్కెర గ్రాము తగ్గలె, ఎర్ర తగ్గింది. వంద రూపాయల బడ్జెట్ల స్కెచ్ పెన్నులకు ఇరవై చాలు.

పట్టకారు (బరంపురం)
ఈ పట్టీ బాగుంది. అందులో 9:30 గడి దగ్గర ఆగి మాట్లాడండి. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు, కడిగేవాళ్ళుండరు. ఆ ఎర్ర గడి పక్క కాగితం మీదికి కూడా పాకుతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే పసివాళ్ళకి పై ముందుపళ్ళు నాలుగూ ఒకేసారి పోవడానికి కారణం అదే. కింది ముందుపళ్ళు నాలిక చాటున ఉండి తప్పించుకుంటాయి.

తియ్యటి దగ్గు మందు కూడా ఈ లెక్కలోదే. రాత్రి తోమాక మందు తాగించి పడుకోబెడతారు. వరస మార్చాలి, ముందు మందు, తరవాత బ్రష్.

వంశధార గట్టు
బెల్లమైతే పర్లేదు కదా? మా వైపు పంచదార కంటే బెల్లమే ఎక్కువ. ముడిలో (మరమరాల్లో) బెల్లం, అటుకుల్లో బెల్లం, అరిసెల్లో బెల్లం.

చల్ది కుండ (గుణుపురం)
బెల్లంలో ఇనుముంటాది, రక్తానికి మంచిది. దాన్ని పంచదారతో కట్టీకండి.

పట్టకారు (బరంపురం)
రక్తం సంగతి పక్కన పెట్టండి, పంటికి రెండూ సుక్రోజే. పైగా పాకం అతుక్కుంటుంది. తేనె కూడా అంతే. పంచదార నీళ్ళయితే తొందరగా జారిపోతాయి, చిక్కీ ముక్క దవడపంటి గాడిలో కూచుంటుంది. ఉప్పు బిస్కెట్లు, చిప్స్ తియ్యగా లేవని వదిలెయ్యకండి, నమిలిన పిండి గాడిలో ఇరుక్కుని అక్కడే చక్కెరవుతుంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)
అయితే అరిసె మానీమంటారా? పండగ పూట పళ్ళ డాక్టర్ని ఎవడు పిలిచేడండీ.

పట్టకారు (బరంపురం)
మానక్కర్లేదు. భోజనంతో రెండు తినండి. జేబులో వేసుకుని రోజంతా కొరకొద్దు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పట్టీ, తరవాణి, గుడ్డు ఖాయం. పెద్దల మాటకి ఇంకా జవాబు రాలేదు. పేస్టు ఎంత వెయ్యాలో కూడా.

మర్రిచెట్టు బడి (జయపురం)
పాలపళ్ళు 20. ముందువి ఆరేడేళ్ళకి ఊడతాయి నిజమే, వెనక దవడ పాలపళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండాలి. అయిదేళ్ళకి పుచ్చితే ఇంకో ఆరేళ్ళు దేంతో నములుతారు? ముందే పీకేస్తే వెనక పన్ను ఖాళీ జాగాలోకి జరుగుతుంది, కింద నుంచి రావాల్సిన పన్నుకి దారి ఉండదు, వంకరగా లేస్తుంది. బస్సులో సీటుకి తువ్వాలు వేసినట్టు పాలపన్ను ఆ జాగా ఆపి ఉంచుతుంది. చీము పడితే కింద తయారవుతున్న పన్ను పై పొరకి కూడా మచ్చ పడొచ్చు. పాలపంటి ఎనామెల్ శాశ్వత పంటి దాంట్లో సుమారు సగం మందమే కాబట్టి ఇవన్నీ తొందరగా జరుగుతాయి.

పట్టకారు (బరంపురం)
దీనికంటే పెద్ద పొరపాటు ఆరేళ్ళ దవడపన్ను విషయంలో జరుగుతోంది. ఏ పన్నూ ఊడకుండా, చివరి పాలపంటి వెనకాల చప్పుడు లేకుండా వస్తుంది. ఏమీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సింది. మూడో తరగతి పిల్లలకి ఈపాటికి వచ్చే ఉంటుంది. క్లాసులోనే వెతికించండి. రెండు ముందుపళ్ళ మధ్య గీత నుంచి ఒక పక్కకి లెక్కపెడితే ఆరోది, ఊడిన పళ్ళ ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆరో ఏట, ఆరో పన్ను. మర్చిపోరు.

పూర్తిగా పైకి రావడానికి దానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా పక్క పళ్ళకంటే పల్లంలో ఉంటుంది, బ్రష్ పైపై నుంచి వెళ్ళిపోతుంది. బుగ్గ పక్కనుంచి బ్రష్‌ని అడ్డంగా పెట్టి ఆ ఒక్క పన్నునీ విడిగా తోమాలి. దాని గాళ్ళు లోతుగా ఉంటే డాక్టర్ దగ్గర సీలెంట్ వేయించొచ్చు. గాడి పూడ్చే పల్చటి పూత, డ్రిల్లింగ్ ఉండదు.

పేస్టు: మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళకి బఠాణీ గింజంత. మీ క్లాసు పిల్లలకీ బఠాణీ గింజంత చాలు. టీవీ ప్రకటనలో బ్రష్ పొడుగునా పడగ ఎత్తినట్టు వేస్తారే, అది అమ్ముకోడానికి. తోమాక ఉమ్మాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. పొద్దున్న ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు. ఒకటే కుదురుతుందంటే రాత్రిది.

పెన్‌గంగ (కిన్వట్)
ఫ్లోరైడ్ అంటే ఇక్కడ జనం బెదురుతరు. యవత్మాల్, చంద్రపూర్ దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లున్నయ్. పండ్లు గార పట్టి, ఎముకలు వంగి. మల్ల పేస్టుల గదే పెట్టుమంటరా?

పట్టకారు (బరంపురం)
లెక్క వేద్దాం. 1000 పీపీఎం పేస్టంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత సుమారు 0.1 గ్రాము, పిల్లాడు మొత్తం మింగినా 0.1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత మింగితే 0.25. తాగే నీళ్ళకి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. మీరు చెప్పే బోర్లు ఆ గీత దాటినవే. లీటరు నీళ్ళతో 2, 3 మిల్లీగ్రాములు లోపలికెళ్తుంటే చూడాల్సింది బోరుని. నీళ్ళు పరీక్ష చేయించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ తీస్తుంది. పటిక, సున్నంతో తీసే నల్గొండ పద్ధతి కూడా ఉంది, మీ పక్కనే నాగపూర్‌లో ఉన్న నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు రూపొందించిందే. అలాంటి ఊళ్ళో ఆరేళ్ళ లోపు పిల్లలకి ఎంత పేస్టో డాక్టర్ని అడిగి, పెద్దవాళ్ళే వెయ్యాలి.

మచ్చల్లో తేడా కూడా చెప్తాను. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) మచ్చలు రెండు పక్కలా జంట పళ్ళ మీద ఒకేలా, పన్నంతా పరుచుకుని ఉంటాయి. పుచ్చు మచ్చ పాచి నిలిచే చోట, చిగురు అంచున ఉంటుంది.

ప్రాణహిత (సిరొంచ)
పేస్టు కొనని ఇండ్లు కూడ ఉన్నయ్ సార్. వేప పుల్ల, బొగ్గు, ఉప్పు. ఆడోళ్లయితే మిశ్రి, అంటే మాడ్చిన పొగాకు పొడి.

చల్ది కుండ (గుణుపురం)
ఇటు గుడాఖు. అది పళ్ళపొడి అనుకుంటే పొరపాటు, పొగాకూ బెల్లపు మడ్డీ కలిపిన ముద్ద. 1992లో పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం ఆపేసింది గానీ గుడాఖు డబ్బీ కిళ్ళీ కొట్లో దొరుకుతూనే ఉన్నాది. అమ్మ, నాయనమ్మ రుద్దుకుంటుంటే గుంట కూడా వేలు ముంచుతాది. కళ్ళు తిరుగుతాయి, తరవాత అది లేకపోతే పొద్దు గడవదు. బళ్ళో ఆ డబ్బీ పేరు పెట్టే చెప్పండి, "చెడ్డ అలవాట్లు" అని తేల్చీకండి.

పట్టకారు (బరంపురం)
వేప పుల్ల తప్పు కాదు. నమిలి కుంచెలా చేసి మెల్లగా రుద్దితే పాచి కొంత పోతుంది, కానీ అందులో ఫ్లోరైడ్ లేదు, దవడపళ్ళ లోపలి వైపుకి అందదు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం ఎనామెల్‌ని అరగదీస్తాయి.

ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లల చేతికి ఆ నేర్పు రాదు, పెద్దవాళ్ళే తోమాలి. ఎదురుగా నిలబడి కాదు, పిల్లాడి వెనక నిలబడి, తల మన కడుపుకి ఆనించి, ఎడమ చేత్తో పెదవి ఎత్తి పట్టుకుని. బ్రష్ కుచ్చు చిగురు అంచు మీదికి ఏటవాలుగా ఉండాలి. దవడపళ్ళు ఒకదానికొకటి తాకేచోట బ్రష్ దూరదు, అక్కడ దారమే గతి.

మర్రిచెట్టు బడి (జయపురం)
తోమింది సరిగ్గా ఉందో లేదో పిల్లలకే కనపడాలంటే బీట్‌రూట్. పల్చటి చెక్క అర నిమిషం నమిలించి ఉమ్మించి, ఒక్కసారి పుక్కిలించాలి. పాచి ఉన్నచోట గులాబీ రంగు నిలుస్తుంది. అద్దం చేతికివ్వండి. తెల్ల యూనిఫాం రోజు పెట్టుకుంటే మర్నాడు తల్లులు మీ దగ్గరికే వస్తారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఇప్పటికే కన్నాలు పడ్డ పిల్లలు క్లాసులో నలుగురైదుగురు ఉంటారు. వాళ్ళ సంగతి?

పట్టకారు (బరంపురం)
రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బళ్ళకి ఒకసారి రావాలి, పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూసి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపాలి. పుచ్చు పళ్ళు వాళ్ళ జాబితాలో ఉన్నాయి. వాళ్ళొచ్చే రోజుకి పేర్లు రాసి ఉంచండి, లేకపోతే ఎత్తూ బరువూ చూసి వెళ్ళిపోతారు.

కుర్చీ చూస్తేనే ఏడ్చే పిల్లలకి 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క ఉంది. ఆరబెట్టి రాస్తే పుచ్చు చాలావరకు అక్కడే ఆగుతుంది, సూది లేదు. పుచ్చిన భాగం మాత్రం శాశ్వతంగా నల్లబడుతుంది, ఆ మాట తల్లికి ముందే చెప్పాలి. నరం దాకా వెళ్ళిన పంటికి అది పనికిరాదు.

ఆగకూడని గుర్తులు: బుగ్గ వాపు, జ్వరం, వాపు కంటి వైపు గానీ దవడ కిందికి గానీ పాకడం, మింగలేకపోవడం. అదే రోజు ఆసుపత్రికి. వాపు మీద వేడి కాపడం పెట్టొద్దు. చిగురు మీద మాత్ర నూరి పెట్టొద్దు, పుండవుతుంది. లవంగ నూనె కూడా పసివాళ్ళ చిగురుని కాలుస్తుంది. నొప్పికి పారాసిటమాల్, కిలోకి 15 మిల్లీగ్రాములు, 20 కిలోల పిల్లాడికి 300. సీసా మీద అయిదు మిల్లీలీటర్లకి 250 అని ఉంటే 6 మిల్లీలీటర్లు, 120 అని ఉంటే పన్నెండున్నర. తప్పు జరిగేది ఇక్కడే, సీసా మారింది చూసుకోరు. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుకి మించకుండా.

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఇంతకీ ఆ పురుగు చార్టు ఏటి చేస్తారు? చింపేత్తారా?

పెన్‌గంగ (కిన్వట్)
చింపుడెందుకు, ఎనుక తెల్లగనే ఉంటది. గాడ 32 గళ్ల పట్టీ గీయుండ్రి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అదే చేస్తాను. తరవాణికి రేపు సాయంత్రం అన్నం వెయ్యాలి. మందార కలపని గ్లాసు ఒకటి విడిగా ఉంచి, రుచి చూపించొచ్చా?

చల్ది కుండ (గుణుపురం)
శుభ్రమైన కుండ, కాచి చల్లార్చిన నీళ్ళయితే చూపించండి. చిటికెడు ఉప్పు, నిమ్మాకు తుంపి వెయ్యండి. లేకపోతే తాగరు.

పట్టకారు (బరంపురం)
తాగాక మామూలు నీళ్ళు పుక్కిలించమనండి. బీట్‌రూట్ పెట్టి బ్రష్ చేయించే పనుంటే దాన్ని తరవాణికి ముందే ముగించండి. పులుపు తగిలిన పన్నుని అరగంట దాకా తోమకూడదు.